నాలుగో 'మ'

పక్షవాతాన్ని ఇంటి గుమ్మంలోనే గుర్తుపట్టడం ఎలాగో ఊరూరా తిరిగి చెప్పిన మనిషిని నేను. మా మామకు పక్షవాతం వస్తే ఆయన ఎదురుగా కూర్చుని ఉప్మా తిని, చాయ్ తాగి, బస్సెక్కి వచ్చేసిన మనిషినీ నేనే. ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

వనపర్తిలో ఒక దవాఖానలో నేను నర్సును. ఆడవాళ్లను సిస్టర్ అంటారు, నన్ను బ్రదర్ అంటారు. మామ గద్వాలలో చీరలు నేస్తాడు. ఆయన లెక్కలో నర్సులకు బ్రదర్లు ఉండరు. పెళ్లయిన కొత్తలో ఎవరో "అల్లుడేం జేస్తడు?" అని అడిగితే, "సిస్టర్ పని జేస్తడు" అని, మూతిని కుడిపక్కకు ఒక్క విరుపు విరిచాడు. ఆ విరుపుతో నా పరిచయం అలా మొదలైంది. నేను ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ చాయ్ కన్నా ముందు అదే వచ్చేది.

తర్వాత పక్షవాతం రోగులను చూసుకునే ప్రత్యేక శిక్షణకని నన్ను హైదరాబాదు పంపారు. మెదడు నాళంలో అడ్డంపడ్డ నెత్తురు గడ్డను కరిగించే సూది వేసే ముందూ, వేశాకా బీపీకి ఎలా కాపలా కాయాలో నేర్పారు. రోగికి మింగే శక్తి ఉందో లేదో చెంచాడు నీళ్లతో ఎలా చూడాలో నేర్పారు. అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న నేర్పారు: ఈ మనిషి బాగా ఉండగా ఆఖరిసారి చూసింది ఎవరు, ఎప్పుడు? ఆ సూదికి నాలుగున్నర గంటల గడువు. అది మొదలయ్యేది మూతి వంకరపోవడం మన కంట పడ్డప్పుడు కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి. గడువు దాటాక వేస్తే మెదడులో రక్తం కారి ప్రాణానికే ముప్పు రావచ్చు.

తిరిగొచ్చాక నన్ను పట్టలేకపోయారు. మా దవాఖాన సిస్టర్లకు, గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా ఆశా కార్యకర్తలకు, ఆటోవాళ్లకు పాఠాలు చెప్పాను. గుర్తుండాలని మూడు 'మ'లు తయారుచేశాను: మూతి, మణికట్టు, మాట. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒక మణికట్టు కిందికి జారుతుందా? మాట ముద్దగా వస్తుందా? పక్షవాతం పెద్ద పక్షపాతి, ఒక పక్కనే పట్టుకుంటుంది అని కూడా అనేవాణ్ని. అక్కడ నవ్వుతారని ఆగేవాణ్ని. నాగర్‌కర్నూలులో ఒక ఆటోడ్రైవరు మాత్రం, "చెయ్యి అంటే సరిపాయె గద సార్, మణికట్టేంది? గాజులమ్ముతున్నరా?" అన్నాడు. చేతికి 'మ' దొరక్క మణికట్టును లాక్కొచ్చానని వాడికి ఎలా చెప్పను?

ఆ ఆదివారం నా భార్య పుట్టింట్లో ఉంది. చూసిపోదామని పొద్దున్నే గద్వాల వెళ్లాను. మామ గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "వొచ్చినవా సిస్టరూ" అన్నాడు. మూతి కుడిపక్కకు పోయింది. మాట ముద్దగా వచ్చింది. పొద్దుగాలనే కల్లు పడ్డట్టుందనుకున్నాను. ఇక మూతి అంటారా, అది నా కోసం అలా తిరగడం కొత్త కాదు.

ఒక్క క్షణం మాత్రం ఎందుకో అనుమానం తగిలింది. 'మామా, జర నవ్వుండ్రి, రెండు చేతులు పైకెత్తుండ్రి' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. కానీ పోలీసు దొంగను నిలబెట్టినట్టు అల్లుడు మామతో చేతులెత్తిస్తాడా? అసలే నన్ను చూసి నవ్వుతున్నవాణ్ని ఇంకా నవ్వమంటానా? ఆ మాటను మింగేశాను. మింగే శక్తి నాకు బాగానే ఉంది. అత్త పెట్టిన ఉప్మాలో ఉప్పు తక్కువైంది, అదీ మింగాను. డ్యూటీ ఉందని చెప్పి బస్సెక్కాను.

ఆత్మకూరు దగ్గరపడుతుండగా నా భార్య ఫోన్ చేసింది.

"ఏడిదాక పోయినవ్? నాయిన చాయ్ గిలాస జారిడిసిండు. ఎడమ చెయ్యి లేస్తలేదు. నువ్వు చెప్పిన మూడు మలు జూసిన. మూడూ ఉన్నయి."

"ఆత్మకూరు దగ్గర. 108కు..."

"చేసిన, బండి వొచ్చింది. మీ దవాఖానకే తెస్తున్నం. నువ్వు ఆత్మకూరుల దిగి రోడ్డు మీద నిలవడు." మళ్లీ తనే, "పొద్దుగాల నువ్వు జూసినవు గద, అప్పుడు బాగనే ఉండెనా?" అంది.

"ముందు రానియ్యి" అని ఫోన్ పెట్టేశాను.

అంబులెన్సు ఎక్కేసరికి అత్త నీళ్ల సీసా మూత తీస్తోంది. "వద్దత్తా, ఇప్పుడు తాపితే ఊపిరితిత్తులల్లకు పోతయి" అని పట్టుకున్నాను. మామ ఎడమ పెదవి పక్క నుంచి చొంగ కారుతోంది. మూతి కుడిపక్కకు పోయి ఉంది, పొద్దున నేను చూసిన విరుపే. ఎగతాళి అయితే కాసేపటికి దిగిపోవాలి. ఇది దిగలేదు.

దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, నేను ఎంతమందికో నేర్పిన ప్రశ్న: "ఆఖరిసారి బాగా ఉన్నది ఎప్పుడు?" నేను శిక్షణ ఇచ్చిన సిస్టర్లు చుట్టూ నిలబడి నా వైపే చూశారు. పొద్దున ఆయన్ను చూసివచ్చిన నర్సును నేనే కదా. 'నేను బయల్దేరేటప్పుడు బాగానే ఉన్నాడు' అంటే చాలు, సందేహం లేకుండా సూది పడుతుంది, నా పరువు నిలబడుతుంది. గడువు నిజంగా దాటి ఉంటే మామ తలలో రక్తం కారుతుంది. నిజం చెబితే అసలు సూదే వద్దంటారేమో.

"నేను చూసేటప్పటికే మూతి వంకరగా ఉంది సార్. మాట ముద్దగా ఉంది" అన్నాను. "నన్ను ఎక్కిరిస్తున్నడనుకున్న."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. నా భార్య నన్ను ఒకసారి చూసి తల పక్కకు తిప్పుకుంది. ఒక సిస్టర్, పాపం, గ్లూకోజు సీసా వైపు చూస్తూ నిలబడింది.

అప్పుడు అత్త నోరు విప్పింది. "అల్లుడు రాకముందు బాగనే ఉండె సార్. ఉప్మల ఉప్పు తక్కువైందని నన్ను తిట్టిండు."

"తిట్టింది స్పష్టంగా తిట్టాడా అమ్మా?"

"నా పుట్టినింటోళ్లందర్ని పేరు పేరున తిట్టిండు. ఒక్క పేరు తప్పు పోలే."

డాక్టరు ఆ తిట్టు నుంచి గంటలు లెక్కపెట్టాడు. గడువు ఇంకా కొంచెం మిగిలి ఉంది. స్కాన్‌లో రక్తస్రావం లేదు. సూది వేశారు. మందు ఎక్కుతున్నంతసేపూ, ఆ తర్వాత రాత్రంతా, బీపీ నేనే చూశాను. నన్ను లెమ్మని ఎవరూ అనలేదు, నాతో ఎవరూ మాట్లాడనూ లేదు.

మర్నాటికి మాట తేటపడింది. తేటపడిన మొదటి మాట, "సిస్టరూ, చాయ్."

"ముందు చెంచాడు నీళ్లు మామా. దగ్గకుండ మింగితే చూద్దాం."

దగ్గాడు. చాయ్ ఇవ్వలేదు. ఆ తర్వాతి రోజు దగ్గలేదు, ఇచ్చాను. కాలు నిలిచింది, మాట నిలిచింది. ఎడమచేతి వేళ్లు మాత్రం పూర్తిగా రాలేదు. మగ్గం మీద తెగిన పోగును పట్టి అతికే వేళ్లవి. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే వచ్చేవా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆయన మంచివాడు, అందుకే అలా అన్నాడు. ఆ వేళ్లు గిలాసను పట్టుకోబోయి ఆగిపోయినప్పుడల్లా నాకు ఆ ఉప్మా గుర్తొస్తుంది.

ఇంటికి వెళ్లాక ఒకరోజు, పక్కన ఎవరూ లేనప్పుడు, మామే ఆ మాట ఎత్తాడు.

"ఆ పొద్దుగాల నా మూతి జూస్తివి గద. ఏమనుకుంటివి?"

"ఎక్కిరిస్తున్నరనుకున్న మామా. చేతులెత్తమని అడుగుదామనుకున్న. మొహమాటపడ్డ."

మామ కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒత్తుకున్నాడు. తర్వాత, "ఎక్కిరిద్దామనే తిప్పిన. మల్ల ఎనకకు మళ్లలే" అన్నాడు.

అది నిజమో, నా బరువు దించడానికి అన్నదో నాకు తెలియదు. అడగడానికి మళ్లీ మొహమాటమే అడ్డం. మొహమాటంలో మొహమూ ఉంది, మాటా ఉంది. నేను చూడాల్సినవి ఆ రెండే, ఆ రెంటినీ కలిపి నోట్లో వేసుకుని ఊరుకున్నాను. ఇప్పుడు పాఠాల్లో నాలుగో 'మ' కూడా చెబుతున్నాను. మామ పేరు తీయను గానీ, ఒక బుద్ధిలేని బ్రదర్ కథ అని మొదలుపెడతాను. ఆటోవాళ్లు బాగా నవ్వుతారు.

ఇక మామ మూతికి కసరత్తు రాసిచ్చారు, రోజూ అద్దంలో చూసుకుంటూ నవ్వాలని. అద్దంలో చూసి నవ్వడానికి తనకేం పిచ్చి లేదన్నాడు మామ.

"అయితే నన్ను జూసి నవ్వుండ్రి."

"నిన్ను జూసి నవ్వుడు నాకేమన్న కొత్తనా?"

"గట్ల గాదు. రెండు దిక్కుల సమానంగ నవ్వాలె. ప్రేమగ నవ్వినట్టు."

ఆయన మూతి ఏనాడో సరిగ్గా వచ్చేసింది. కసరత్తు ఇక అక్కర్లేదని డాక్టరు నాతో చెప్పి కూడా చాలాకాలమైంది. మామతో నేను చెప్పలేదు. ఇప్పటికీ గద్వాల వెళ్లిన ప్రతిసారీ, చాయ్ రాకముందే, ఆయన గోడకు ఆనుకుని కూర్చుని నన్ను చూసి రెండు పక్కలా నిండుగా నవ్వుతాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని, దగ్గరికి వంగి పరీక్షగా చూస్తాను.

"ఎడమ దిక్కు ఇంక జర తక్కువున్నది మామా. ఇంకొక్కసారి."