సముద్రంలో కొండ నీళ్ళు

మా వదినగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను రామచంద్రపురం కాలేజీలో బోర్డు మీద స్పైరోగైరా నాచు బొమ్మ వేస్తున్నాను. మా ఆయనకి అక్కగారు ఆవిడ. విశాఖలో ఆసుపత్రిలో ఉన్నారు, ఈ కబురు వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మిగతా సగం బొమ్మ వెయ్యలేకపోయాను.

ఆవిడ మంచితనం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకున్నది అసూయ. ఆవిడతోపాటు అదీ పోతుందనుకున్నాను, పోలేదు.

ఇద్దరం చదివింది వృక్షశాస్త్రమే. ఇద్దరికీ నాచుమొక్కలంటేనే ఇష్టం. ఆవిడ పెళ్ళి మాట పక్కనపెట్టి, పరిశోధన ఓడెక్కి నడిసముద్రానికి వెళ్ళేవారు. నేను ద్రాక్షారామంలో బస్సెక్కి కాలేజీకి వెళ్ళేదాన్ని. సముద్రంలో మునిగి ఉన్న కొండల మీదుగా సన్నటి వల లాగి, నీళ్ళలో తేలే, కంటికి ఆనని వృక్షప్లవకాల్లో ఎన్ని రకాలున్నాయో తేల్చడం ఆవిడ పని. పంటకాలవ నాచు చూపించి పిల్లల చేత బొమ్మలు వేయించడం నా పని.

ఆవిడ సెలవులకి వస్తే మైక్రోస్కోపు కూడా తెచ్చుకుని వసారాలో పెట్టేవారు. పక్కన కాఫీ చల్లారిపోయేది. చూద్దామని నేను వెనక నిలబడితే, తల తిప్పకుండా, "ఉండు, ఇంకొక్కటి" అనేవారు. ఆ ఇంకొక్కటి అయ్యేలోపు నాకు వంటింట్లోంచి పిలుపు వచ్చేది.

ఒకసారి మా అత్తగారు కూతుర్ని అడిగారు. "సముద్రంలో కొండేంటే? దాని మీద గుడేమైనా ఉందా?"

"గుడి లేదమ్మా. లాకు తలుపుకి తగిలి కాలవ నీళ్ళు ఎగదన్నుతాయి చూడు, అలాగే అడుగు నీళ్ళు కొండకి తగిలి పైకొస్తాయి. వాటితో సారం కూడా వస్తుంది. మేం కొండకి దూరంగా వల లాగితే అవే రకాలు మళ్ళీ మళ్ళీ పడ్డాయి. కొండ మీద లాగితే ఎన్ని రకాలో. కొండ అడుగునే ఉంటుంది, ప్రసాదం పైకొస్తుందన్నమాట."

వదినగారు నవ్వుతూ అన్నారు. మా అత్తగారు నవ్వలేదు. కూతురు ఆ కొండ మీద పట్టి తెచ్చిన, మూతకి మైనం పెట్టిన నీళ్ళ సీసాని తీసుకెళ్ళి దేవుడి గూట్లో కాశీగంగ చెంబు పక్కన పెట్టి, కుంకం బొట్టు పెట్టారు. వదినగారు వద్దనలేదు. నేను అడుగుదామనుకున్న సీసా అది. నాకు ఒక్క చుక్క చాలు. కానీ దేవుడి గూట్లోకి వెళ్ళినదాన్ని ఎవరడుగుతారు? దీపం పెట్టినప్పుడల్లా దాన్ని చూసి నా కడుపు మండేది.

అస్థికలు కలపడానికి కోటిపల్లి రేవుకి బయల్దేరుతుంటే అత్తగారు ఆ సీసా పట్టుకొచ్చారు.

"ఇదీ గోదాట్లో కలిపేద్దాం. అమ్మాయితోపాటే వెళ్ళిపోనీ."

"వద్దండి అత్తయ్యగారూ. నాకివ్వండి. అందులో ఏముందో నేనింతవరకూ చూళ్ళేదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఇన్నాళ్ళూ అడగలేదేం?" అని సీసా నా చేతిలో పెట్టారు. "నాక్కూడా చూపించాలి మరి."

కర్మకాండలన్నీ అయ్యాక, వదినగారి సామానుతో వచ్చిన మైక్రోస్కోపుని వసారాలో ఆవిడ పెట్టుకునే చోటే పెట్టాను. మైనం గీకేసి, సీసా అడుగున పేరుకున్న మడ్డి ఒక చుక్క గాజుపలక మీద వేశాను. ఇన్నేళ్ళయినా ఆ ప్లవకాల గాజులాంటి పెంకులు చెక్కుచెదరలేదు. చక్రాలు, పడవలు, గొలుసులు, ఒక్కోటీ ఒక్కో తీరు. ఇవి బతికుండగా, ఓడ మీద కూర్చుని చూశారు ఆవిడ. నాకు దక్కినవి పెంకులు. మళ్ళీ అదే మంట.

అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. లేచి కుర్చీ ఇచ్చాను. కూతురిలాగే ఒక కన్ను మూసి వంగారు.

"అమ్మాయి చూసినవి ఇవేనా?"

"ఇవేనండి."

చాలాసేపు ఆవిడ లేవలేదు. నేనింకా సగం కూడా చూడలేదు. వెనక నిలబడి చిన్నగా దగ్గాను.

"ఉండమ్మా, ఇంకొక్కటి" అన్నారు, తల తిప్పకుండా.

నా వంతు కోసం అక్కడే నిలబడ్డాను.