ముల్లు అరవై చూపిన ఆట

పుంగనూరులో రంగప్ప పేరు తెలిసినవాళ్లు తక్కువ. తిట్టనివాళ్లు ఇంకా తక్కువ. తెరమీద బొమ్మ కాస్త వణికితే చాలు, ‘ఆపరేటరు నిద్రపోయినాడ్రా!’ అని హాలంతా గోల. రామసముద్రం నుంచి వచ్చి గేటు దగ్గర టికెట్లు చించి, తర్వాత ఇరవై రెండేళ్లు ప్రొజెక్టరు గదిలో ఉడికినవాడికి దక్కిన మర్యాద అదీ!

తొంభైనాలుగులో ఒక దయ్యం సినిమా వచ్చింది. నూరేళ్ల కిందటి జమీందారు బంగళా కథ. కెమెరామన్ ఎవరో గానీ మహా మొండివాడు, ప్రతి గదినీ ఆముదం దీపం వెలుతురులోనే తీశాడు. రంగప్ప ముందువారమే మదనపల్లెలో చూసొచ్చాడు. ఒకచోట కోడలు దీపం పట్టుకుని మెట్లెక్కుతుంది. వెనక చీకట్లో, చచ్చిపోయిన అత్త ముఖం కనీకనపడకుండా ఉంటుంది. అది చూసి రంగప్ప కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు.

అదే బొమ్మ పుంగనూరులో మ్యాట్నీ ఆడితే ఒక్కరూ జడుసుకోలేదు. కనిపిస్తేగా! ప్రొజెక్టరులో రెండు కార్బన్ కడ్డీల మధ్య నిప్పు ఎంత మండితే తెరకు అంత వెలుగు. కడ్డీలు అరిగిపోతాయని ఓనరు దేవరాజులు కరెంటు మీటరు ముల్లును నలభై దాటనిచ్చేవాడు కాదు. పాటలకూ ఫైట్లకూ అది చాలేది. ఈ బొమ్మకు మాత్రం తెరంతా మసిగుడ్డే. జనం ఈలలేసి కుర్చీలు విరిచారు. దేవరాజులు పైకొచ్చి, కెమెరామన్‌ను నోటికొచ్చినట్టు తిట్టి, రేపే బొమ్మ ఎత్తేస్తానన్నాడు.

రంగప్పకు ఒళ్లు మండింది. తప్పు మన దగ్గర పెట్టుకుని, అంత కష్టపడి తీసినవాణ్ని తిట్టడమా?

“ముల్లు అరవైకి పెడితే అంతా కనబడతాదప్పా.”

“నలబై దాటిందంటే రేపట్నించి నువ్వు ఈడ ఉండవు,” అని దేవరాజులు వెళ్లి బాల్కనీలో కూర్చున్నాడు.

ఫస్ట్ షో మొదలైంది. మెట్ల సీను రీలు ఎక్కించేటప్పుడు రంగప్పకు ఇల్లాలు కుప్పమ్మ గుర్తొచ్చింది. ఈ వయసులో తనకు ఇంకొక పని ఎవరిస్తారు? భయమేసింది. అయినా ముల్లును అరవైకి తిప్పాడు.

గది కొలిమైంది. ప్రింటు పాతది, ఒళ్లంతా అతుకులు. ఒక్క అతుకు ఇరుక్కున్నా ఆ వేడికి ఫిల్ము అక్కడే కరిగిపోతుంది. ఒక చెయ్యి కడ్డీలు జరిపే పిడి మీద, ఇంకొకటి వెలుతురు మూసే రేకు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఒక అతుకు కటకటమంది. రేకు దించబోయాడు. అంతలో ఆ అతుకు ఎలాగో జారి ముందుకెళ్లిపోయింది.

తెరమీద పెచ్చులూడిన గోడ, దీపం, కోడలి ముక్కుపుడక తేటగా కనిపించాయి. ఆమె వెనక ఆ ముఖం. ముందు ఆడవాళ్ల వైపు నుంచి కేకలు, ఆ వెనకే మగవాళ్లవీ.

కాసేపటికి మెట్లమీద అడుగుల చప్పుడు. ఇక తన పని అయిపోయిందనుకుని రంగప్ప తుండు భుజాన వేసుకున్నాడు. దేవరాజులు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. అరవై మీదున్న ముల్లును చూశాడు.

“దించమంటారా అప్పా?”

దేవరాజులు వద్దని చెయ్యి ఊపి స్టూలు మీద కూలబడ్డాడు. ఆట ముగిసింది, జనం వెళ్లిపోయారు, రంగప్ప రీళ్లు సర్దేశాడు. ఓనరు మాత్రం కదల్లేదు.

“రంగప్పా,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “నన్నిడిసిపెట్టి పోవాకప్పా. ఇంటిదాకా నాతో రా.”