రాజమ్మ కాళ్లు ముట్టనన్న సుభాషిణి

సూరత్ గోడాదరాలో మగ్గాల కార్మికులుండే ఇళ్ల సొసైటీ ఒకటి. అందులో మూడో గల్లీ చివర సుభాషిణి బ్యూటీ పార్లర్ ఉంది. పార్లర్ అంటే వాళ్ల ఇంటి ముందు గదే. ఒక కుర్చీ, ఒక అద్దం, అడ్డంగా ఒక తెర. తెర వెనక వంటిల్లు. పక్కనే పవర్‌లూమ్ షెడ్డు కాబట్టి పగలంతా చప్పుడు. అక్కడ ఎవరు మాట్లాడినా కొంచెం గొంతు పెంచే మాట్లాడతారు. రాజమ్మ వచ్చిన మంగళవారం నాటి మాటలు గల్లీ అంతా వినబడడానికి అదీ ఒక కారణం.

సుభాషిణి పుట్టింది సూరత్‌లోనే. తండ్రి సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మగ్గం మీద నిలబడ్డవాడు. భర్త పరమేశ్‌దీ అదే పని. రెండో పిల్ల బడికి పోయే వయసొచ్చాక ఆమె ఒక మహిళా కేంద్రంలో ఆరు నెలల కోర్సులో చేరింది. నేర్పింది హంసాబెన్ అనే గుజరాతీ టీచరు. తక్కినవాళ్లు కనుబొమ్మలు దిద్దడం, ఫేషియల్ చెయ్యడం వస్తే చాలనుకున్నారు. సుభాషిణి మాత్రం చర్మానికొచ్చే రోగాల పాఠం కూడా నోటుబుక్కులో రాసుకుంది, బొమ్మలతో సహా.

ఆ పాఠం ఆమెకు చాలా తగాదాలు తెచ్చిపెట్టింది. చెంప మీద తామర ఉన్న అమ్మాయికి ఫేషియల్ చెయ్యనంది. కళ్లకలకతో వచ్చిన ఆమెను గుమ్మంలోంచే పంపేసింది. కొందరు మొహం ముడుచుకుని పోయారు, కొందరు మళ్లీ రాలేదు. పరమేశ్ అన్నం తింటూ, "దుకాణం పెట్టుకున్నది గిరాకీని ఎల్లగొట్టేటందుకా?" అని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆమె కూర వడ్డించింది. బదులు చెప్పినా మళ్లీ అదే ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు.

రాజమ్మ సంగతి వేరు. ఆమెను వెనక్కి పంపాల్సి వస్తుందని సుభాషిణి ఎన్నడూ అనుకోలేదు. రాజమ్మ పక్క గల్లీ మనిషి, అరవై ఏళ్లుంటాయి. ముప్పై ఏళ్లుగా ఇంట్లో నేల మీద కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. పార్లర్ పెడతానంటే ఇంటి యజమాని ఒప్పుకోనప్పుడు, అతని వాకిట్లో కూర్చుని ఒప్పించింది ఆమే. మొదటి రోజు నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చిందీ ఆమే. వరస కాకపోయినా సుభాషిణి ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తుంది.

రాజమ్మ కొడుక్కి సంబంధం కుదిరింది. పిల్ల తరపువాళ్లు హజీరాలో కంపెనీ క్వార్టర్లలో ఉంటారు. ఆదివారం పూలు పండ్లు, అంటే నిశ్చితార్థం. మంగళవారం మధ్యాహ్నం రాజమ్మ తన కూతురు లతను తీసుకుని పార్లర్‌కు వచ్చింది. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"బిడ్డా, నా కాళ్లు జర మంచిగ చెయ్యి. ఆదివారం ఆళ్లు పసుపు పూస్తరు కాళ్లకు. ఈ మడిమెలు జూస్తే ఏమనుకుంటరు? పత్తిచేను లెక్క పగిలినయి," అంది నవ్వుతూ.

"పట్టు లెక్క మెత్తగ చేస్త పెద్దమ్మా, కూసో," అంది సుభాషిణి. టబ్బులో వేడినీళ్లు పోసి, చన్నీళ్ల కోసం తెర వెనక్కి వెళ్లింది. చెంబుతో తిరిగొచ్చేసరికి రాజమ్మ కుడికాలు నీళ్లలో పెట్టేసి ఉంది. సుభాషిణి చన్నీళ్లు కలపబోతూ వేలు ముంచి చప్పున వెనక్కి తీసుకుంది. వేలు చురుక్కుమంది.

"పెద్దమ్మా! కాలు తియ్యి!"

"ఏమైంది? గోరువెచ్చగనే ఉన్నయి గద."

సుభాషిణి కాలును రెండు చేతులా ఎత్తి ఒళ్లో టవల్ మీద పెట్టుకుంది. చర్మం ఎర్రబడింది. తుడుస్తూ బొటనవేలి కింద చూసింది. అక్కడ శనగగింజంత పుండు. అంచులు తెల్లగా నాని, మధ్యలో గుంటలా ఉంది. చుట్టూ వాపు.

"ఇదెప్పుడైంది?"

"ఏది?" అంది రాజమ్మ. ఆమెకు పుండు ఉన్న సంగతే తెలియదు.

"షుగర్ ఉందా పెద్దమ్మా?"

"ఉన్నది. గోలీలు ఏసుకుంట. నడుమ నడుమ మర్చిపోత."

సుభాషిణి ఆమె కాలి బొటనవేలి చివర గోటితో నొక్కింది. రాజమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది తప్ప కాలు కదల్చలేదు. నోటుబుక్కులోని ఆ పేజీ సుభాషిణికి కళ్ల ముందు కనబడింది. షుగర్ ఉన్న కాలికి స్పర్శ పోతే, పుండు పడితే, బ్యూటీషియన్ చెయ్యి పెట్టకూడదు. రుద్దితే చర్మం చిరుగుతుంది, చీము లోపలికి పోతుంది, వేలు, ఒక్కోసారి కాలే తీసెయ్యాల్సి వస్తుంది.

అంతా తెలుసు. కానీ ఆ ఆఖరి మాట నోటికి రాలేదు. ఇంట్లో శుభకార్యం పెట్టుకున్న మనిషితో, నలుగురు వింటుండగా, కాలు తీసేస్తారని ఎలా అనడం? ఆమె తడబడింది.

"పెద్దమ్మా, ఇది నేను చెయ్యరాదు. మాకు రూల్ ఉంటది. దవాఖానల చూపియ్యి ముందు. నేనే తీసుకపోత, రేపు పొద్దున పోదాం."

"రూలేంది? పుండున్న చోట ఇడిసిపెట్టి తక్కింది చెయ్యి."

"చెయ్యద్దు పెద్దమ్మా."

"అయితే ఎడమ కాలన్న చెయ్యి. దానికేం లేదుగద."

"దానికి సుత స్పర్శ లేకుంటే? అది కూడా డాక్టర్ చూడాలె."

రాజమ్మ మొహంలో నవ్వు పోయింది. బెంచీ మీది ఇద్దరూ ఫోన్లు పక్కన పెట్టి చూస్తున్నారు.

"ఓహో. సాఫ్‌గా చెప్పరాదు? ముసలిదాని కాళ్లు, పుండు కాళ్లు, ముట్టుకోబుద్ధి అయితలేదని."

"అయ్యో పెద్దమ్మా, గట్లంటవేంది! ఇప్పుడు నా ఒళ్లెనే ఉన్నది గద నీ కాలు!"

"ఈ కాళ్లతోటే నీ ఇంటి మాలిక్ వాకిటికి నాలుగుసార్లు తిరిగిన. అప్పుడు మంచిగుండె ఇవి."

లత తల్లి చెప్పులు అందించింది. "అక్కా, చెయ్యబుద్ధి కాకుంటే ఫోన్లనే చెప్పేది ఉండె. ఇంతమందిల ఇజ్జత్ తీసుడెందుకు?"

సుభాషిణి గుమ్మం దాటి గల్లీలోకి వెంటపడింది. ఇన్ఫెక్షన్ అంది, డాక్టర్ అంది, నీ మంచికే అంది. షెడ్డు చప్పుడులో ఆమె గొంతు అరుస్తున్నట్టే వినబడింది. అవతలి ఇంటి ఆడవాళ్లు బయటికొచ్చి చూశారు. రాజమ్మ వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రమే లత తల్లిని మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపున్న పార్లర్‌కు తీసుకుపోయింది. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. గంటలో రెండు కాళ్లూ రుద్ది, కడిగి, గోళ్లకు రంగు వేసి పంపారు.

ఆదివారం పూలు పండ్లకు సుభాషిణి వెళ్లింది. వెళ్లకపోతే రాజమ్మ అన్నదే నిజమవుతుందని వెళ్లింది. పిల్ల తరపు ఆడవాళ్లు రాజమ్మ కాళ్లకు పసుపు పూస్తుంటే, కుడి బొటనవేలి కింద ప్లాస్టర్ కనబడింది. రాజమ్మ ఆమెను చూసి పక్కామెతో, "రోడ్డు మీది పార్లరోళ్లు మారుమాట లేకుండ చేసిన్రు," అంది.

భోజనాల దగ్గర సుభాషిణి రాజమ్మ భర్త నర్సింగాన్ని పక్కకు పిలిచింది.

"పెద్దబాపూ, రేపు తప్పకుండ దవాఖానకు తీసుకపో. ఆ పుండు మంచిది కాదు."

"ఈ పని కానియ్యి బిడ్డా. చుట్టాలు పోంగనే పోతం," అన్నాడాయన వడ్డించేవాళ్ల వైపు చూస్తూ.

చుట్టాలు వెళ్లారు. తర్వాత చీరల అర్జంటు ఆర్డరొచ్చింది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ తొందర లేదు. సుభాషిణి రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లింది. ఒకసారి లత తలుపు దగ్గరే నిలబడి అమ్మ పడుకుందని చెప్పింది. రెండోసారి రాజమ్మ చీర మీంచి తల ఎత్తలేదు. పదిహేనో రోజున చలిజ్వరం వచ్చింది. పాదం నల్లబడి ఉబ్బింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టర్లు బొటనవేలు తీసేశారు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే కట్టుకట్టి మందులతో పోయేదన్నారట.

సుభాషిణి చూడబోయేసరికి లత వార్డు బయటే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నీకు తెలిసింది గదక్కా. జర గట్టిగ చెప్పేది ఉండె."

సుభాషిణి ఇన్ని రోజులు మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఇంకెట్ల చెప్పాలె లతా? మైకు పెట్టి చెప్పాల్నా? గల్లీల ఉరికిన. మీ బాపుకు చెప్పిన. మీ ఇంటికి రెండుసార్లొచ్చిన. ఇజ్జత్ తీసిన అన్నవు! ఇప్పుడు చెప్పలేదంటవా?"

నర్సు వచ్చి కసిరేదాకా ఆమె ఆగలేదు. ఆగాక లోపలికి వెళ్లింది. రాజమ్మ గోడవైపు తిరిగి ఉంది. అటు తిరిగే నెమ్మదిగా మాట్లాడింది.

"చెయ్యనన్నవు. రూలన్నవు. వేలు పోతదని మాత్రం అనకపోతివి బిడ్డా. అంటే నేను భయపడి దవాఖానకు పోదును."

ఆ మాట నిజమే. అదే సుభాషిణిని కాల్చింది. అంత పరుగెత్తీ, అంత అరిచీ, చెప్పాల్సిన ఒక్క మాటే చెప్పలేదు. చెప్పి ఉంటే రాజమ్మ వినేదా, శాపనార్థాలు పెట్టేదా? ఇక తేలేది కాదు. మంచం పక్కన చాలాసేపు కూర్చుంది. రాజమ్మ ఆమెను వెళ్లమనలేదు, ఇటు తిరగనూ లేదు.

నెల తర్వాత అమ్రోలీ అవతలి కోసాడ్ నుంచి ఒక పెద్దావిడ పెడిక్యూర్‌కు వచ్చింది. సుభాషిణి టబ్బు ముట్టుకోకముందే షుగర్ ఉందా అని అడిగింది. ఉందని చెబితే పాదాలు వెలుతురులో పెట్టి చూసింది. మడమ పక్కన చిన్న పుండు ఉంది. ఈసారి ఆమె తడబడలేదు.

"నేను చెయ్యనమ్మా. దీన్ని ఇడిసిపెడితే కాలు తీసేసుడయితది. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పోవాలె."

ఆవిడ మొహం మాడిపోయింది. "పొద్దుపొద్దున ఏం శని మాటలు! కాళ్లు కడగమంటే కాళ్లు కోస్తరంటవా?" అని లేచి, చెప్పులు సగం తొడుక్కుని దిగిపోయింది.

తెర వెనక నుంచి పరమేశ్ తొంగి చూసి మళ్లీ లోపలికి వెళ్లాడు. సుభాషిణి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ గల్లీ దాటి మెయిన్ రోడ్డు వైపు తిరిగింది. ఆ రోడ్డు మీద డాక్టర్ క్లినిక్కూ ఉంది, అద్దాల పార్లరూ ఉంది. ఆవిడ ఎందులోకి వెళ్లిందో ఇక్కణ్నుంచి కనబడదు.