ఏడు బారల గీత

మంగళవారం పొద్దున రెంటచింతల నుంచి కబురొచ్చింది, అక్క పోయిందని. మా పెద్దమ్మ కూతురు. నాకంటే మూడు నెలలే పెద్ద. వినగానే నాకు ఏడుపు రాలేదు. ఇందులోనూ నాకంటే ముందే ఉందే అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆమె విషయంలో నా బుద్ధి ఎప్పుడూ అంతే.

పంతొమ్మిది వందల నలభైల్లో మేమిద్దరం ఊళ్లో మిషన్ బడిలో ఎనిమిదో తరగతి. ఒక ఎండాకాలం మాస్టారు ఒక పని పెట్టారు. ఊళ్లో ఏదో ఒకదాని లెక్కలు సేకరించి, అక్షరం రానివాడికి కూడా తెలిసేట్టు కాగితం మీద బొమ్మగా గీయాలి. అన్నిట్లోకీ మంచిదాన్ని ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు గోడకు తగిలిస్తారు. ఆ గోడ నాకు కావాలి.

నేను కరణంగారింటికి వెళ్లి గొడ్ల లెక్క రాసుకొచ్చాను. ఒక్క పూటలో అయిపోయింది. అక్క మాత్రం చేంతాడుకు రెండు చేతులు చాచినంత బారకొక ముడి వేసుకుని, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడ్డానికి మండుటెండలో బావి బావికీ తిరిగింది. ఎవరింటికి వెళ్లినా మజ్జిగ ఇచ్చి మెచ్చుకునేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది.

మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపాను. మా బావి నేనే కొలిచాను, నాలుగు బారలు, రాసుకో అన్నాను. నిజానికి ఏడు. చేదీ చేదీ మా అమ్మ చేతులు కాయలు కాసి ఉండేవి. తప్పు లెక్కతో అక్క ఇన్‌స్పెక్టరు ముందు నవ్వులపాలు కావాలి, నా కోరికంతా అదే.

గోడకు ఆమె బొమ్మే ఎక్కింది. పైన నేల, అక్కణ్ణుంచి కిందికి బావికొక నీలం గీత. మా బావికి సరిగ్గా ఏడు బారలు గీసి ఉంది. నేను ఇంట్లో లేని పూట వచ్చి, మా అమ్మ ఎదుటే తాడు వేసి చూసుకుందట. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు.

తర్వాత్తర్వాత బియ్యం కొన్నా, పిల్లకు సంబంధం చూసినా ఆమెది ఒకటే మాట. "చెప్పింది నమ్మబాకే, తాడేసి చూడు." విన్నప్పుడల్లా నన్నే పొడుస్తోందనుకుని ముఖం తిప్పుకునేదాన్ని. అలాగే ముసలిదాన్నయ్యాను.

మొన్న మట్టి చేసి వచ్చాక ఆమె కూతురు పెట్టెలోంచి ఆ కాగితం తీసింది.

"అమ్మ నీకే ఇమ్మంది పిన్నీ."

వెనక వైపు, ఏ బావి ఎవరు కొలిచిందీ మాస్టారి కోసం రాసిన పట్టీ ఉంది. అన్నిటి పక్కనా 'నేను' అని ఉంది. మా బావి దగ్గర మాత్రం 'చెల్లి కొలిచింది, ఏడు బారలు' అని ఉంది.

ఆ మనసు దేవుడు నాకెందుకు ఇవ్వలేదని ఆమె మీద ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. మా బావి పూడ్చి చానా ఏళ్లయింది. కాగితం మీద దాని గీత ఒక్కటే, అన్నిటికంటే పొడుగ్గా, ఇంకా కిందికి దిగి ఉంది.