రంగునీళ్ల సీసా

ఆసుపత్రిలో ఇచ్చిన మందుసీసా జిగటగా ఉందని అవ్వ ఈ రోజు పైన కడిగి, పూటకెంతో తెలిపే గాట్ల కాగితాన్ని ఊడబెరికింది.

"అంతా ఒకేసారి తాగేస్తా, బిరీన తగ్గుతాది" అంది.

నేను సీసా లాక్కుని, డాక్టరు చీటీ చూసి, కొత్త కాగితానికి ఆరు గాట్లు పెట్టి అన్నం మెతుకులతో అంటించాను.

మందులు కలిపే కాంపౌండరు చదువుకు బెంగుళూరు పంపమని నెల రోజులుగా అడుగుతున్నాను. నాయన మళ్లీ అదే మాట అన్నాడు.

"రంగునీళ్లు కలిపే పనికి బెంగుళూరు చదువు యాలమ్మా?"

ఎన్నడూ ఎదురు చెప్పని నేను సీసా ఆయన ముందు పెట్టాను.

"రంగునీళ్లే కదా, అంతా ఒకే గుక్కలో తాగు నాయనా."

ఆయన తాగలేదు. అవ్వ ఒక గాటు వరకు తాగింది. నేను వెళ్లి ఆ చదువుకు అర్జీ టపాలో వేశాను.

రంగునీళ్లనేవాళ్లు ఇంకెవరైనా ఉంటే మా ఇంటికి రండి. సీసాలో ఇంకా అయిదు గాట్లున్నాయి.