మేక నమిలిన బొమ్మ

కెంజెగుల్ అక్కా నేనూ బిష్కెక్‌లో ఒకే కార్టూన్ స్టూడియోలో పనిచేశాం. మా పిల్లల సీరియల్లో కొండమీద ఒక మ్యూజియం ఉండేది. వారం వారం ఒక మేకపిల్ల అందులో దూరి నానా రభసా చేసేది. ఆ మ్యూజియం గోడలూ, గోడల మీది బొమ్మలూ అక్క గీసినవే.

అసలు బొమ్మలు మాత్రం ఆమె భర్త తుర్దుబెక్‌వి. జీవితమంతా బొమ్మలే వేశాడు. ఊళ్లో గ్యాలరీవాళ్లు ఒక్కటీ తీసుకోలేదు. మంచం కిందా, బీరువా వెనకా పేరుకుపోయినవాటిని అక్క అతనికి చెప్పకుండా చిన్నవిగా గీసి, కార్టూన్ గోడలకు తగిలించేది.

"ఎప్పుడో ఒకప్పుడు చూసుకుని మురిసిపోతాడే," అనేది నాతో.

ఒకరోజు దర్శకుడు మక్సాత్ వచ్చాడు. "ఈసారి మేక ఒక బొమ్మని నమిలి మింగేస్తుందక్కా. ఏదో ఒకటి పెట్టెయ్. కాకపోతే తెర నిండా కనపడాలి."

అక్క ఎంచుకున్నది తుర్దుబెక్ వేసిన, వాళ్లమ్మ గుర్రం పాలు పితికే బొమ్మ.

"అత్తగారిని మేక నోట్లో పెడతావా? నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"మిగతావన్నీ గోరంతే కనపడుతున్నాయి. ఇదొక్కటన్నా జనం కళ్లారా చూస్తారు. ఆ తర్వాత తింటే తిననీ."

టీవీలో వచ్చే రోజు బోర్సోకులని పిండిముక్కలు నూనెలో వేయించి, ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచింది. భర్తను ముందు కూర్చోబెట్టింది. ముసలమ్మ, గుర్రం, పాలబిందె తెర నిండా వచ్చాయి. అతను లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ కదూ?"

అక్క అతని చెయ్యి పట్టుకుంది. అంతలో మేక మూతి పెట్టింది. ముందు గుర్రం పోయింది, తర్వాత ముసలమ్మ. మేక గట్టిగా త్రేన్చింది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

అందరూ వెళ్లాక అక్క ఏడ్చింది. "తిట్టన్నా తిట్టవయ్యా!"

"ఎందుకు? నావల్ల కానిది నువ్వు చేశావు. నా బొమ్మని ఊరంతా చూసింది."

అంతే. మళ్లీ కుంచె పట్టలేదు. బొగ్గుల గోదాములో కాపలాకి కుదిరాడు. కొన్నేళ్లకు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు.

అప్పుడు అక్క ఆ అసలు బొమ్మను దుప్పట్లో చుట్టుకుని గ్యాలరీకి వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. అక్కడ పనిచేసే ఆవిడ దాన్ని చూడగానే చప్పట్లు కొట్టింది.

"అరె, మేక తిన్న బొమ్మ! మా బుజ్జిగాడికి ప్రాణం. కార్టూన్ చూసి ఎంత చక్కగా దించారండీ!"

పక్కగదిలో వాళ్లనీ పిలిచి చూపించింది. అందరూ ముచ్చటపడి నవ్వారు. అక్క బొమ్మను మళ్లీ చుట్టుకుంది.

ఇంటికి రాగానే తుర్దుబెక్ అడిగాడు, "ఎక్కడికెళ్లావ్?"

"ఉల్లిపాయలకి. మంచివి దొరకలేదు."

వసంతంలో వచ్చే నౌరూజ్ పండగకు ముందే అతను పోయాడు. అక్క మళ్లీ స్టూడియోకి రాలేదు. మ్యూజియం గోడల పని ఇప్పుడు నాది. పళ్లూ, పూలూ వేస్తుంటాను. మనుషుల జోలికి పోను.