రోజూ తుడిచిన గీత

ఆస్పత్రిలో వార్డులు కడిగించే మేస్త్రమ్మకు ‘తళతళ అక్క’ అని పేరు. ఆవిడ తుడిచిన గచ్చులో ముఖం చూసుకోవచ్చు. ఇంట్లోనైతే ఈగ కూడా కాళ్లు కడుక్కునే లోపలికి రావాలి. ఆవిడతో ఉండేది కుట్టుపని చేసే చెల్లెలు ఒక్కతే. కుట్టిన బట్టలన్నీ గోడకు ఆనించిన చెక్క బీరువాలో ఉండేవి.

ఆ బీరువా పక్కన గోడ మీద రోజూ సన్నటి మట్టి గీత ఒకటి కనిపించేది. అక్క తడిగుడ్డతో తుడిచేసేది. మర్నాటికి మళ్లీ అక్కడే. అక్క చెల్లెల్ని తిట్టేది, చెల్లెలు కిటికీని తిట్టేది.

ఒక ఉదయం గుడ్డ పట్టుకుని అక్క అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా దుమ్ముతో కాపురం చేస్తున్న మనిషి, దాని గుణం తెలియనిది కాదు. దుమ్ము పైనుంచి కిందికి రాలుతుంది. ఇదేమో కిందనుంచి పైకి పాకుతోంది. గోటితో గిల్లింది. లోపల బియ్యపు నూకల్లా తెల్లటి పురుగులు. చెదలు!

పదిమంది బట్టలు చెదల పాలైతే చెల్లెలికి మళ్లీ గుడ్డముక్క ఇచ్చేవాళ్లుండరు. ఇద్దరూ బట్టలన్నీ మంచం మీద పోసి, ఒక్కొక్కటీ దులిపి చూశారు. ఒక్కదానికీ చిల్లు లేదు. బీరువా జరిపి తడితే మాత్రం వెనక చెక్క డొల్లగా మోగింది. చీపురు అందని ఆ గోడ మీద మూరెడు మట్టి గీత.

“పాపం, అవి రోజూ చెబుతూనే ఉన్నాయి. నేనే తుడిచేశాను,” అంది అక్క.

అంతే, కొంగు బిగించింది. గీత వెంట కిందికి వెళ్తే, గోడ అవతలి స్నానాలగది గొట్టం కారుతూ గోడంతా చెమ్మ. గొట్టం బాగుచేయించింది. మందు కొట్టే మనిషిని పిలిపించి గోడ పొడుగునా నేలకు బెజ్జాలు వేయించి మందు పోయించింది. డొల్లచెక్క పీకించి కొత్తది వేయించింది. మూరెడు గీతలో వేలెడు మాత్రం తెంపి, మిగతాది ముట్టుకోలేదు.

“ఆ మట్టి అలాగే వదిలేస్తావా? నువ్వా?” అంది చెల్లెలు.

“చేతులు దురద పెడుతున్నాయే. కానీ బతికుంటే తెగిన చోటు అతికించుకుంటాయి. చూద్దాం.”

బట్టలు మంచం మీద, అక్కచెల్లెళ్లు నేల మీద. అక్క రోజూ ఆ గీత ముందు నిలబడి పళ్లు కొరుక్కునేది. వారాలు గడిచినా తెగిన చోటు తెగినట్టే ఉండిపోయింది.

“ఇక తుడువక్కా,” అంది చెల్లెలు, బట్టలు బీరువాలో సర్దుతూ.

అక్క గుడ్డ తడిపింది. గోడను కిందనుంచి పైదాకా ఒకసారి చూసుకుంది. ఆ తర్వాతే తుడిచింది.